మీకు తెలుసా? ఇంట్లో వెబ్ సర్వర్, దాని కాపలా

◆ ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ ఒక మనిషి పనిచేసుకునే కంప్యూటరే. 1990 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ వాడిన నెక్స్ట్ యంత్రం అది. ఎవరైనా తెలియక ఆపేస్తారేమోనని, ఇది సర్వర్ అనీ ఆపొద్దనీ ఎర్ర సిరాతో రాసి దానికి అంటించారు. మూలన పడున్న లాప్‌టాప్ మీద లినక్స్ ఎక్కించి మీరూ సర్వర్ పెడుతుంటే ముందు ఆ చీటీ రాసి అంటించండి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో ఒకరు ప్లగ్గు తీసేస్తారు.

◆ కరెంటు బిల్లుకు భయపడనక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ సగటున 5 వాట్లు తీసుకుందనుకుంటే, రాత్రింబవళ్లు నడిచినా నెలకు అయ్యేది 3.6 యూనిట్లు. కోతలున్న ఊళ్లో రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైను మీదే పెట్టాలి. సర్వర్ ఒక్కటే వెలుగుతూ ఉంటే లాభం లేదు.

◆ మీ సర్వర్ సంగతి ఎవరికీ చెప్పకపోయినా తలుపు తట్టేవాళ్లు వస్తారు. ఇంటర్నెట్‌లో యంత్రాలను గుర్తించే ఐపీవీ4 చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. వాటన్నిటినీ ఒక్కో తట్టు తట్టి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఒక గిగాబిట్ కనెక్షనూ, మామూలు కంప్యూటరూ ఉంటే 45 నిమిషాల్లోపే చుట్టి రావచ్చని 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే ప్రోగ్రామ్‌తో చూపించారు. కొత్త సర్వర్ లాగ్ తెరిస్తే రూట్, అడ్మిన్, టెస్ట్, పై లాంటి పేర్లతో లాగిన్ కావాలని చూసిన జాడలు వరుసగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లకు గుండె దడదడలాడుతుంది. మీ మీద పగతో ఎవరూ రాలేదు. అవి వీధి వీధంతా తిరుగుతూ ప్రతి గొళ్లెమూ కదిపి చూసే ప్రోగ్రాములు.

అలా కదిపి చూడటంతోనే ఎంత నష్టం జరగగలదో 2016లో మిరాయ్ చూపించింది. కెమెరాలనీ రౌటర్లనీ లక్షల్లో వశం చేసుకున్న ఆ మాల్‌వేర్ దగ్గర ఉన్నది అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా. అన్నీ కంపెనీవాళ్లు పెట్టి అమ్మినవే, కొన్నవాళ్లు మార్చనివే. రాస్ప్‌బెర్రీ పైలో కూడా అందరికీ తెలిసిన ఒకే యూజర్, ఒకే పాస్‌వర్డ్ ఏళ్ల తరబడి ఉండేవి. 2022 ఏప్రిల్‌లో గానీ వాటిని తీసెయ్యలేదు.

◆ దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్. అది పుట్టిందే ఒక దొంగతనం వల్ల. 1995లో ఫిన్‌లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు ఏరుకుపోయారు. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి అప్పట్లో వాడిన టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినంత బాహాటంగా వెళ్లేది. అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. సర్వర్‌లో ఒక్కో సేవకూ ఒక్కో తలుపు నంబరు ఉంటుంది, దాన్నే పోర్ట్ అంటారు. ఫైళ్లు పంపే పాత ఎఫ్‌టీపీది పోర్ట్ 21, టెల్‌నెట్‌ది పోర్ట్ 23, మధ్యలో 22 ఖాళీగా ఉంది. ఆ నంబరు ఇమ్మని యులోనెన్ నంబర్లు కేటాయించేవాళ్లకు ఈమెయిల్ పెడితే ఇచ్చేశారు.

ఈ నంబరు మారిస్తే భద్రమని చాలామంది సలహా ఇస్తారు. మారిస్తే లాగ్‌లో రొద తగ్గుతుంది, అంతే. వెతికేవాడికి కొత్త నంబరూ దొరుకుతుంది. అసలు రక్షణ తాళంచెవి జతలో ఉంది. రహస్యమైన చెవి మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది, దాని జోడు మాత్రం సర్వర్‌కి ఇస్తారు. అది పనిచేస్తోందని చూసుకున్నాక పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేయండి. అప్పుడు ఆ ప్రోగ్రాములు ఎన్ని పాస్‌వర్డ్‌లు ఊహించినా పని జరగదు. ఇంకో విశేషం, రహస్య చెవి ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా వదిలేస్తే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడనని మొండికేస్తుంది.

◆ ఉబుంటులో ఉండే ఫైర్‌వాల్ పనిముట్టు యూఎఫ్‌డబ్ల్యూ. ఆ పొడి అక్షరాల్లో మొదటిదానికి అర్థం ‘చిక్కులు లేనిది’ అని. ఒక్క చిక్కు మాత్రం ఉంది. ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కి అనుమతి ఇచ్చి, ఆ తర్వాతే ఫైర్‌వాల్ ఆన్ చేయాలి. వరుస తప్పితే మన ఇంటి గడప బయట మనమే నిలబడతాం. మళ్లీ మానిటరూ కీబోర్డూ వెతికి తగిలించుకోవాలి.

◆ 1024 లోపు పోర్టులు తెరిచే హక్కు యూనిక్స్ కాలం నుంచీ సర్వాధికారాలున్న రూట్ యూజర్‌దే. వెబ్‌సైట్లకు కావలసిన 80, 443 రెండూ ఆ లోపలివే. అందుకే ఎంజిన్-ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ రూట్‌గా మొదలై ఆ తలుపులు తెరిచి, వచ్చినవాళ్లతో మాట్లాడే పనిని పెద్దగా అధికారాలు లేని వేరే యూజర్‌కి అప్పగిస్తుంది. ‘పర్మిషన్ లేదు’ అని కనిపించగానే ఫైళ్లన్నిటికీ 777, అంటే ఎవరైనా చదివి, మార్చి, నడిపే అనుమతి ఇచ్చేస్తే ఆ జాగ్రత్త చాలావరకు వృథా అవుతుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా గట్టిగా చెప్పాల్సిన మాట నా దగ్గర లేదు.

◆ అన్నీ సరిగ్గా చేసినా బయటి నుంచి సైట్ తెరుచుకోవడం లేదా? రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కి బయటి వైపు ఉన్న చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే తప్పు మీది కాదు. ఐపీవీ4 చిరునామాలు చాలక, ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచే సీజీనాట్ పద్ధతి అది. అందుకోసం 2012లో సుమారు 42 లక్షల చిరునామాలు విడిగా కేటాయించారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకే గేటు, ఒకే ఇంటి నంబరు ఉన్నట్టు. ఉత్తరం గేటు దాకా వస్తుంది, ఏ ఫ్లాట్‌కి ఇవ్వాలో వాచ్‌మన్‌కి తెలియదు. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా ఐపీవీ6 దారి చూసుకోవాలి. ఐపీవీ6 వాడకంలో భారతదేశం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది.

◆ ఒకప్పుడు డబ్బు పోసి కొనాల్సిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ తలుపులు తెరిచినప్పటి నుంచి ఉచితం. గడువు 90 రోజులే పెట్టారు, చేత్తో కాకుండా ప్రోగ్రామే దాన్ని పునరుద్ధరించేలా అలవాటు కావాలని. 2029 మార్చి నుంచి ఏ సంస్థ ఇచ్చినా గరిష్ఠ గడువు 47 రోజులే. సర్టిఫికెట్ ఇవ్వగానే మీ డొమైన్ పేరు బహిరంగ జాబితాల్లోకి ఎక్కుతుంది. వాటిని కాపు కాసే ప్రోగ్రాములూ ఉన్నాయి. కాబట్టి సర్వర్‌ని గట్టి చేసుకున్నాకే సర్టిఫికెట్‌కి వెళ్లండి.

◆ 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుతూ వెళ్లి, ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఓపిగ్గా దాచిన దొడ్డిదారిని బయటపెట్టారు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌కి స్థిరమైన విడుదల ‘స్టేబుల్’. దానికి ఆ దొడ్డిదారి చేరనే లేదు. కొత్తవాళ్లను స్టేబుల్‌తో మొదలుపెట్టమనడానికి ఇది నాకు కనిపించే బలమైన కారణం.

◆ అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, వెరసి 18 బైట్లు. సర్వర్ పేజీని యూటీఎఫ్-8 అని చెప్పకుండా పంపితే ఈ బైట్లనే బ్రౌజరు వేరే లిపిగా చదివి పిచ్చిగీతలు చూపించవచ్చు. జీజిప్ కుదింపు ఆన్ చేస్తే బరువు బాగా తగ్గుతుంది.

◆ సైట్ పనిచేస్తోందో లేదో ఇంటి వైఫై మీద చూసి తీర్పు ఇవ్వకండి. లోపలి నుంచి బయటికెళ్లి మళ్లీ లోపలికే తిరిగే దారిని కొన్ని రౌటర్లు ఒప్పుకోవు. బయట అందరికీ తెరుచుకునే పేజీ మీకు తెరుచుకోకపోవచ్చు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఒకసారి తెరిచి చూడండి.