కొలబద్ద కుదిరితేనే జన్యువుల లెక్క
కోడికి ఒకటి.. బాతుకు మరొకటి

తణుకు: 2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరు, తూర్పుగోదావరి జిల్లా కానూరులలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ కావడంతో కోళ్ల రైతులు తీవ్రంగా నష్టపోయారు. కోళ్లను చంపే పలు ఫ్లూ వైరస్‌లను బాతులు చాలావరకు తట్టుకుంటాయి. వైరస్‌ను పసిగట్టే రిగ్‌-ఐ జన్యువు బాతుల్లో ఉండి, కోళ్లలో లేకపోవడం ఇందుకు ఒక కారణమని 2010లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

ఇలాంటి తేడాలు తేలాలంటే ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలవాలి. కణజాలంలోని ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, పీసీఆర్‌ యంత్రంలో ప్రతులు పెంచుతారు. ఒక్కో ఆవృత్తికి ప్రతులు దాదాపు రెట్టింపవుతాయి. అంటే ఒక్క ఆవృత్తి తేడా వచ్చినా ఫలితం రెట్టింపు మేర తప్పుతుంది.

నమూనాలో ఆర్‌ఎన్‌ఏ తగ్గినా, పాడైనా లెక్క తప్పకుండా ఉండేందుకు, నిలకడగా పనిచేసే మరో జన్యువును కొలబద్దగా తీసుకుంటారు. బీటా-యాక్టిన్‌, జీఏపీడీహెచ్‌ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. చిక్కంతా ఇక్కడే. కోడిలో నిలకడగా ఉన్న జన్యువు బాతులోనో, కౌజుపిట్టలోనో అలా ఉండకపోవచ్చు. ఒకే పక్షిలోనూ కాలేయానికి, ఊపిరితిత్తులకు తేడా ఉండవచ్చు. వ్యాధి సోకాక మారవచ్చు.

జన్యువును గుర్తించి అతుక్కునే ప్రైమర్లతో మరో సమస్య ఉంది. కోడి కోసం తయారైనవి ఇతర పక్షుల్లో సరిగా అతకకపోతే, చురుగ్గా ఉన్న జన్యువు కూడా మందకొడిగా కనిపిస్తుంది. జన్యువు లేకపోవడం వేరు, ప్రైమరు దానిని పట్టుకోలేకపోవడం వేరు.

అందుకే ప్రతి జాతిలో, ప్రతి కణజాలంలో కొలబద్ద జన్యువులను, ప్రైమర్లను ముందుగా పరీక్షించాలి. ఒక్క జన్యువును నమ్ముకోకుండా, నిలకడ రుజువైన కొన్నింటి సగటు తీసుకునే పద్ధతి 2002 నుంచి వాడుకలో ఉంది. అలా కొలిచినప్పుడే కోడికీ బాతుకూ ఉన్న అసలు తేడా బయటపడుతుంది.