బావి, చెరువు, శ్మశానం: హెచ్‌ఐవీ చట్టంలో మనకు తెలిసిన మాటలు

రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజు మన విద్యార్థుల్లో చాలామందికి కంఠతా వచ్చు. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. వీటిని వాడుకోవడంలో కులం పేరు చెప్పి ఎవరినీ అడ్డుకోకూడదని అది అంటుంది. ఆ జాబితా ఊరికే రాలేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్‌తో కలిసి చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిన జనం దాని వెనుక ఉన్నారు. రాజ్యాంగం వచ్చిన 35 ఏళ్లకు, 1985 జూలైలో, కారంచేడు మాదిగలను వెంటాడి నరికిన దాడి కూడా మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవతోనే రాజుకుంది.

ఆ జాబితాయే 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టంలో దాదాపు మాట తప్పకుండా మళ్లీ కనిపిస్తుంది. మూడో సెక్షన్ చూడండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్నీ ఉన్నాయి. వాటికి తోడు 15వ అధికరణంలో లేని రెండు మాటలు చేరాయి: శ్మశానాలు, అంత్యక్రియలు. హెచ్‌ఐవీ ఉన్నదన్న కారణంతో వీటిలో దేనికీ మనిషిని దూరం పెట్టకూడదని చట్టం చెబుతోంది.

అంటరానితనాన్ని నిషేధించడానికి రాసుకున్న మాటలే ఒక జబ్బు విషయంలోనూ అవసరమయ్యాయంటే, సమాజం ఆ జబ్బును ఎలా చూస్తోందో అర్థమవుతుంది. అందుకే హెచ్‌ఐవీ వివక్షను ఆరోగ్య శాఖ పోస్టర్లకు వదిలేయకుండా దళిత ఉద్యమం తన పనిగా తీసుకోవాలని మేము అంటున్నాం.

మా మెట్ట ప్రాంతంలో

జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. హైదరాబాద్ రహదారి నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోతుంది. ఇబ్రహీంపట్నం దగ్గర చీలిన రోడ్డు జి.కొండూరు, మైలవరం, తిరువూరు దాటి భద్రాచలం వైపు వెళ్తుంది. మామిడి తోటలు, పత్తి, మిరప, కంకర క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు. వాడల్లోని మనవాళ్లకు సొంత భూమి తక్కువ, కూలి ఎక్కువ. పని ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వారిలో 3 లక్షల మందికి పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం ఉంటే మన రాష్ట్రంలో 0.67 శాతం. సంఖ్య చూస్తే మహారాష్ట్ర తర్వాత మనమే. ఇది ఎక్కడో జరిగే కథ అనుకోవడానికి వీల్లేదు.

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో, సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో. ఆ రోజు నుంచి దాని మీద ‘చెడు తిరుగుళ్ల జబ్బు’ అన్న ముద్ర పడిపోయింది. లారీ డ్రైవర్, వలస కూలీ, సెక్స్ వర్కర్ అని పేర్లు చెప్పి లోకం చేతులు దులుపుకుంది. ఆ పనుల్లోకి ఏ కులాలను, ఏ పేదరికం నెట్టిందో అడిగినవాళ్లు తక్కువ. భర్త ద్వారా హెచ్‌ఐవీ సోకిన ఇల్లాలికి కూడా ఆ ముద్ర తప్పలేదు. భర్త పోయాక ‘మా వాణ్ని మింగేసింది’ అన్న నింద ఆమె మీదికే వచ్చింది.

ఎలా అంటుతుంది, ఎలా అంటదు

హెచ్‌ఐవీ సోకే దారులు నాలుగే. రక్షణ లేని లైంగిక సంబంధం, హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించడం, వాడిన సూదులను మళ్లీ వాడడం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలో, కాన్పులో, పాల ద్వారా చేరడం. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, పక్కన పడుకున్నా, ఒకే బావి నీళ్లు తోడుకున్నా, దోమ కుట్టినా ఇది రాదు. వైద్యం ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఇది. అయినా ఇంట్లో గ్లాసు వేరవుతోంది, మంచం వసారాలోకి వస్తోంది.

వేరు గ్లాసు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడినవాళ్లం. ఆ గ్లాసు వెనుక శుభ్రత ఉందని ఆనాడు మనం నమ్మలేదు. ఇప్పుడు ‘జాగ్రత్త కోసం’ అన్నా నమ్మనక్కర్లేదు.

మందుల సంగతి ఇంకా చాలామందికి తెలియదు. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 లెక్క ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు మొదలుపెట్టాలన్నది విధానం. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. మానకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా చిక్కనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితి నిలబడినంత కాలం లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. యూరప్‌లోని 14 దేశాల్లో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 888 జంటల మీద జరిగిన పార్టనర్ అధ్యయనం 2016లో ఇదే తేల్చింది. మందులు వాడుతూ వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి కండోమ్ లేకపోయినా సోకిన కేసు ఒక్కటి కూడా దొరకలేదు.

తల్లి నుంచి బిడ్డకు సోకే ప్రమాదం మందులు లేకపోతే 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పటి నుంచీ మందులు వాడితే 5 శాతం లోపుకు దిగుతుంది. ఆసుపత్రి సిబ్బంది భయానికీ లెక్క ఉంది. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మందులు వాడితే అదీ బాగా తగ్గుతుంది. పేషెంటును తాకకుండా పంపేయడానికి సైన్సులో ఏ ఆధారమూ లేదు.

మందు ఉచితమే. కానీ అది తెచ్చుకోవడానికి వెళ్లడం ఉచితం కాదు. విజయవాడ ప్రభుత్వాసుపత్రికి పోయి రావాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోతాయి. దగ్గర్లో మందు దొరికినా, తెలిసినవాళ్లు చూస్తారని ఊరు దాటి దూరం పోయేవాళ్లుంటారు. మిరప కోతల రోజుల్లో ‘మళ్లీ ఆసుపత్రికా’ అని మేస్త్రి అడిగితే చెప్పే జవాబు ఉండదు. ఒక నెల ఆగుతుంది, రెండో నెలా ఆగుతుంది. మందు మానితే వైరస్ మళ్లీ లేస్తుంది, ఆ మందుకే లొంగకుండా పోయే ప్రమాదమూ ఉంది. సిగ్గు మనిషిని చంపేది ఇలాగే.

చట్టం ఏం ఇస్తోంది

ఈ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

• ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా విషయాల్లో హెచ్‌ఐవీ కారణంగా వివక్ష చూపకూడదు. ఈ రక్షణ పాజిటివ్ వ్యక్తికే కాదు, వారితో కలిసి జీవించే కుటుంబ సభ్యులకూ ఉంది. ‘మీ అమ్మకు ఉందట’ అని పిల్లవాణ్ని బడిలో వేరుగా కూర్చోబెట్టినా ఉల్లంఘనే.

• ఎరుకతో కూడిన సమ్మతి తీసుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వాలి.

• ఫలానావారికి హెచ్‌ఐవీ ఉందని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. కోర్టులో కూడా మారుపేరుతో కేసు నడపమని అడగవచ్చు.

• 29వ సెక్షన్ ప్రకారం స్త్రీలకూ, 18 ఏళ్ల లోపు పిల్లలకూ ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కుంది. ఇంట్లోని ఏ భాగం నుంచీ వారిని వెలివేయకూడదు. వసారాలో వేసిన మంచానికి జవాబు ఈ సెక్షన్‌లో ఉంది.

• ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఆదేశం ఇవ్వాలి. ప్రాణం మీదికి వచ్చిన వైద్య అవసరమైతే వీలైనంత వరకు 24 గంటల్లోనే ఇవ్వాలి.

కోర్టులు ఈ చట్టం రాకముందే దారి చూపాయి. 1997లో బొంబాయి హైకోర్టు, పని చేయగల కార్మికుణ్ని హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన తీసేయడం చెల్లదంది. 2006లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పోలీసు నియామకంలో హెచ్‌ఐవీ కారణంగా ఒక అభ్యర్థిని తిరస్కరించడాన్ని తప్పుపట్టింది.

ఎక్కడ ఆగిపోతోంది

చట్టానికి కోరలు తక్కువ. వైద్యం అందించే బాధ్యత గురించి చెప్పే 14వ సెక్షన్‌లో ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట పెట్టారు. మందుల కొరత వచ్చినప్పుడు ప్రభుత్వం తప్పించుకోవడానికి ఆ ఒక్క మాట చాలునని పాజిటివ్ సంఘాలు మొదటి నుంచీ అభ్యంతరం చెబుతున్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవారి మీద ద్వేషం రెచ్చగొడితే 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు ఉంది. వివక్ష చూపినవారి సంగతి మాత్రం అంబుడ్స్‌మన్ ఆదేశం దగ్గర ఆగుతుంది. ఆ ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే 10 వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా మొండికేస్తే రోజుకు 5 వేల దాకా అదనం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇక్కడ మనకు రెండో ఆయుధం. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు సాంఘిక, ఆర్థిక బహిష్కరణనూ, బావి, చెరువు, కుళాయి, శ్మశానం వాడుకోనివ్వకపోవడాన్నీ నేరాలుగా చేర్చాయి. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా. హెచ్‌ఐవీని సాకుగా చూపి పైకులాలవాళ్లు దళిత కుటుంబాన్ని కూలికి పిలవకపోయినా, కుళాయి దగ్గర ఆపినా రెండు చట్టాలనూ కలిపి చూడాలి. ‘ఇది జబ్బు గొడవ, కులం గొడవ కాదు’ అని స్టేషన్‌లో అంటే ఒప్పుకోనక్కర్లేదు.

కానీ వెలి వాడలోనే జరిగితే? అత్యాచారాల చట్టం నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే వర్తిస్తుంది. మన వాడలో, మన బంధువులే, మన ప్రార్థన మందిరంలోనో పెళ్లి పందిట్లోనో ఒకరిని దూరం కూర్చోబెడితే ఆ చట్టం పనికిరాదు. అక్కడ ఉన్నది హెచ్‌ఐవీ చట్టం, మన మనస్సాక్షి. దీన్ని మాట్లాడితే వాడ పరువు పోతుందని కొందరు పెద్దలు అంటారు. ఆ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది ఎక్కువగా మన ఆడవాళ్లు, తల్లిదండ్రులు పోయిన పిల్లలు. ఊరి బావి దగ్గర మనం అడిగిన న్యాయాన్ని మన ఇంటి కుండ దగ్గర కాదనలేం.

రేపటి నుంచి చేయగలిగినవి

సంఘం సమావేశాల్లో అత్యాచారాల చట్టంతో పాటు హెచ్‌ఐవీ చట్టం మూడో సెక్షన్‌నూ తెలుగులో చదవండి. హాస్టళ్లలో విద్యార్థులు డిసెంబర్ 1న ర్యాలీ తీసి ఊరుకోకుండా, మందు వాడితే సోకదన్న విషయం మీద ఒక గంట చర్చ పెట్టండి. ఎవరికి ఉందో తెలుసుకోవడం మన పని కాదు. తెలిసినా ఆ మాట మన దగ్గరే ఆగిపోవాలి.

ఏఆర్‌టీ వాడుతున్నవారికి రాష్ట్రంలో సామాజిక పెన్షన్ ఉంది. 2024 జూలై నుంచి నెలకు 4 వేల రూపాయలు. డప్పు కళాకారులు, చర్మకారులు, ఒంటరి మహిళలు ఉన్న జాబితాలోనే వీళ్లూ ఉన్నారు. దరఖాస్తుకు సాయం చేసేటప్పుడు, ఏ రకం పెన్షనో నలుగురిలో వినిపించకుండా చూడండి. సచివాలయంలో జాబితా గోడకు అంటిస్తే చట్టం చూపించి తీయించండి.

సలహాకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. న్యాయ సహాయానికి 15100. ఎస్సీ, ఎస్టీలకూ, స్త్రీలకూ, పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద రాసిచ్చినా చాలు. రాయలేనివారి పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి ప్రతి వాడలో ఒకరు ఉండాలి. జి.కొండూరు మండలం నుంచి ఆ పేర్లు ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారో మేము ఎదురుచూస్తున్నాం.