అన్ని పెట్టెలకు ఒక్క రిమోటు



1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ఉపగ్రహము ద్వారమున టెలివిజను ప్రసారములు దేశమందలి 2400 గ్రామములకు చేరెను. అందు మన పాలమూరు జిల్లా పల్లెలును గలవు. ఏడాదిపాటు సాగిన ఆ ‘సైట్’ ప్రయోగమున ఊరికొక పెట్టె; దానిని చూచుకొనుట కొక మనిషి. నేడు ఇంటింటను పెట్టె గలదు గాని, దానిని పలికించుటకు మనుమడు రావలసియున్నది. 2017 మార్చి నాటికి పల్లెలలోని కేబులు ప్రసారములకును సెట్‌టాపు పెట్టె తప్పనిసరి యైనది. కావున టీవీ కొక రిమోటు, పెట్టె కొక రిమోటు. పిల్లలు హైదరాబాదు చేరిన యిండ్లలో ఒక రిమోటు నేలబడి పగిలినచో, దసరా వచ్చువరకు ముసలివారికి వార్తలు లేవు. ఆ కంపెనీ రిమోటు అంగడిలో దొరకకున్నను, యూనివర్సల్ రిమోటు దొరకును. దానిని కుదుర్చుకొను విధమును మనవి చేసెదను.

రిమోటు కొనయందలి చిన్న మొగ్గనుండి కంటికి కానరాని పరారుణ కాంతి మినుకుచుండును. సెల్లు ఫోను ముందరి కెమెరా యెదుట మీట నొక్కిన ఆ మినుకు సాధారణముగా తెరపై కనబడును. కనబడనిచో మొదట సెల్లులు మార్చి చూడుడు.

ఆ మినుకులకు ఛందస్సు గలదు. జపాను దేశపు ఎన్.ఇ.సి. సంస్థవారి పద్ధతిలో మినుకు వెంట విరామము పొట్టిదైన సున్న, పొడుగుదైన ఒకటి. సున్నకు పట్టు కాలమునకు సరిగా రెట్టింపు ఒకటికి పట్టును. లఘువు ఏకమాత్ర, గురువు ద్విమాత్ర యను మన లెక్కయే యిది! ఇట్టివి 32 కూడిన ఒక ఆజ్ఞ. అందు మొదటి సగము ఏ యంత్రమును పిలుచుచున్నదో తెలుపును. రెండవ సగము చేయవలసిన పనిని చెప్పును. ఫిలిప్స్ వారి ఆర్.సి.-5 పద్ధతి వేరు. ఒకరి భాష మరొకరి పెట్టెకు బోధపడదు. యూనివర్సల్ రిమోటు పెక్కు కంపెనీల భాషలను కంఠస్థము చేసినది. ఏది పలుకవలెనో మనము చెప్పవలెను.

దానితో వచ్చు కాగితమున కంపెనీ పేరునకెదురుగా అంకెలుండును. టీవీ వెలుగుచుండగా, ‘సెట్’ మీటను ఎర్రదీపము నిలిచి వెలుగువరకు నొక్కిపట్టి, ఆ అంకెలు నొక్కవలెను. సాధారణముగా దీపము ఆరినచో స్వీకరించినదని యెరుగునది. ఒకే కంపెనీకి నాలుగైదు సంఖ్య లుండవచ్చును. టీవీ ఆరినంత మాత్రమున తృప్తిపడక, శబ్దము, ఛానలు మీటలును పరీక్షింపుడు.

కాగితము పోయినచో, పెక్కింటియందు దీపము వెలిగిన పిమ్మట టీవీ వైపు చూపి పవరు మీటను మరల మరల నొక్కవలెను. నొక్కునొక్కునకు ఒక్కొక్క భాష వెలువడును. ఇచటనే తొందర కూడదు. టీవీ ఆరిన క్షణమున చేయి తీయనిచో సరియైన సంఖ్య దాటిపోవును, మరల మొదటికి!

సెట్‌టాపు రిమోటులు కొన్నింటికి నేర్చుకొను శక్తియు గలదు. రెండు రిమోటులను ముఖాముఖిగా, రెండంగుళముల ఎడమున నుంచి, పాతదాని మీట నొక్కిన క్రొత్తది గ్రహించును. గురువు బ్రదికియుండగనే శిష్యుడు నేర్వవలెను గదా! పాతది పాడుకాకముందే యీ పని ముగించుకొనుడు. పరారుణ కాంతితో గాక బ్లూటూతు రేడియో తరంగములతో మాత్రమే నడచు క్రొత్త పరికరములకు ఈ విధానము పనికిరాదు. కొనునపుడే అంగడివానిని అడుగవలెను.

సెల్లులు మార్చినపుడు కొన్ని రిమోటులు నేర్చినది మరచును. కుదిరిన సంఖ్యను చీటిపై వ్రాసి సెల్లుల మూతలోపల అంటించుడు.