మన ఫారం మనమే నింపుదాం

అక్కల్లారా! మనకు సంతకం వచ్చింది. అది చాలా? బ్యాంకు ఫారం ఇంకొకరు నింపితే, ఎంత రాశారో మనకు తెలియాలి కదా!

కూలికి వెళ్ళేవాళ్ళకు చదువు సాగుతుందా అంటారా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు పగలు కూలికి వెళ్ళి, రాత్రి చదువుకున్నారు. వాచకంలో సారా గురించి చదివారు. ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మనమూ రోజుకు అరగంట కూర్చుందాం.

మొదటి వారం: అంకెలు వంద దాకా రాద్దాం.

రెండో వారం: నర్సీపట్నం బస్టాండులో బస్సు బోర్డులు చదువుదాం.

మూడో వారం: బ్యాంకులో ఖాళీ ఫారం తెచ్చుకుని, చూసి పలక మీద రాద్దాం.

తప్పు వస్తే దిద్దుకుందాం. ఒకరోజు మానేస్తే మర్నాడు మళ్ళీ కూర్చుందాం.

నాలుగో వారం మన ఫారం మనమే నింపుదాం!