పొట్టి తుపాకికి పుట్టెడు బుద్ధులు

సంధి విడదీయమనీ, ఛందస్సు చెప్పమనీ నా దగ్గరకు వచ్చేవాళ్ళు ఉన్నారు గాని, తుపాకి ఏది కొనాలో చెప్పమని వచ్చినవాడు ఇంతవరకు లేడు. మొన్న వేసవిలో ఆ ముచ్చటా తీరింది. వచ్చినవాడు మా మేనల్లుడు. కొంపల్లిలో రెండు గదుల వాటాలో ఉంటూ, ఆదివారం వస్తే మేడ్చల్ మీదుగా రావల్కోల్‌లోని మా ఇంటికి వచ్చి, పెరట్లో ఛర్రా తుపాకి కాల్చుకోవడం వాడి సరదా. ఉన్న తుపాకి పాతది. గొట్టాన్ని నడుము దగ్గర వంచి, స్ప్రింగు బిగించి, ఒక్కొక్క ఛర్రా పెట్టుకోవాలి. ఇప్పుడు కొత్తది కొందామనుకున్నాడు. డబ్బులో సగం వాడిది, సగం వాళ్ళమ్మది. వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, ఒక షరతు పెట్టింది.

“మీ మామయ్య సరే అంటేనే నా రూపాయి కదులుతుంది.”

అదీ వాడు నాకు శిష్యుడైన కథ.

ఫోనులో రెండు బొమ్మలు చూపించాడు. రెండూ పొట్టివే. వీటిని ‘బుల్‌పప్’ అంటారట. మాటను బట్టి చూస్తే బుల్‌డాగ్ కూన అన్నమాట. చూడబోతే అలాగే ఉన్నాయి, మెడ లేకుండా, భుజాలు ఎగదన్నుకొని!

ఇంతకూ బుల్‌పప్‌లో ఉన్న విశేషం ఇది. మామూలు తుపాకిలో ఛర్రా పెట్టే గది, యంత్రాంగం ట్రిగ్గర్‌కు ముందో, పైనో ఉంటాయి. వెనుకనున్న మడమ కేవలం భుజానికి ఆనించుకోవడానికే. బుల్‌పప్‌లో ఆ యంత్రాంగాన్నంతా మడమలోనికి నెట్టి, ట్రిగ్గర్‌ను ముందుకు జరిపారు. దానితో గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకి మొత్తం పొడవు జానెడు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే తగ్గుతుంది. ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1901లోనే బ్రిటన్‌లో థార్నీక్రాఫ్ట్ అనే సైనిక తుపాకి ఈ పద్ధతిలో వచ్చింది. గాలిని ముందే నింపి దాచుకొనే తుపాకి అంతకన్నా పాతది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరార్డోని తుపాకి అటువంటిదే. ఈ రెండు పాత ఊహలు కలిసినవే నేటి గాలి బుల్‌పప్‌లు. స్వీడన్‌వారి వైల్డ్‌క్యాట్, చెక్ దేశంవారి క్రికెట్ వీటిలో పేరుపడ్డవి.

“చిన్న వాటాలో పెట్టుకోవడానికీ, కారులో తేవడానికీ ఇదే వీలు మామయ్యా” అన్నాడు మావాడు. నిజమే. కాని ‘పొట్టివానికి పుట్టెడు బుద్ధులు’ అన్నారు పెద్దలు. ముందు ఆ బుద్ధులేమిటో తెలుసుకుందామన్నాను.

మొదటిది ట్రిగ్గర్. అది ముందుకు జరిగింది గాని యంత్రాంగం వెనుకనే ఉండిపోయింది గదా! రెంటికీ మధ్య ఒక పొడుగాటి కడ్డీ ఉండాలి. ఆ కడ్డీ బాగా అమరకపోతే ట్రిగ్గర్ మెత్తగా, సాగినట్లుగా ఉంటుంది. తుపాకి ఎప్పుడు పేలుతుందో వేలికి తెలియదు. మంచి పనివాడి చేతిలో ఈ లోపం చాలావరకు తీరుతుంది. తీరిందో లేదో బొమ్మ చెప్పదు, వేలే చెప్పాలి.

రెండవది దుర్భిణి ఎత్తు. బుల్‌పప్‌లో చెంప యంత్రాంగం మీద ఆనుతుంది గనుక, కంటికి అందాలంటే దుర్భిణిని గొట్టానికి చాలా ఎత్తున బిగించాలి. ఆరు సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. పది మీటర్ల దూరానికి గురి సరిచేసుకొని, అయిదు మీటర్ల దగ్గర కాల్చితే, ఛర్రా సుమారు మూడు సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. పైపెచ్చు తుపాకి ఏ కొంచెం పక్కకు ఒరిగినా, గురి సరిచేసుకొన్న దూరం దాటినకొద్దీ తప్పు ఎక్కువవుతుంది.

మూడవది గాలి. మన కారు చక్రంలో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్లకు కొంచెం పైమాట. ఈ తుపాకుల సీసాలో రెండు వందలు, అంతకు మించి కూడా ఉంటుంది. చేతిపంపుతో నింపవచ్చు గాని చెమట కారుతుంది. యంత్రంతో నింపాలంటే దాని ఖరీదు వేరు. కనుక అంగడివాడు చెప్పిన ధరకు పంపు ధర కలిపి లెక్క వేసుకోవాలి. గాలి పొడిగా ఉండాలి. నింపేచోట మామూలు నూనె, గ్రీజు తగలనీయరాదు. ఆక్సిజన్ సీసాతో నింపడం ప్రాణాంతకం.

ఇవన్నీ విని మావాడు తల ఊపాడు. “అయితే ఈ రెండోది చూడు మామయ్యా. ఇది 5.5 మిల్లీమీటర్లది. దెబ్బ గట్టిగా ఉంటుంది. తాతయ్య జామచెట్ల మీద చిలకలు ఒక్క కాయ మిగల్చడం లేదు గదా!”

అక్కడ నేను పుస్తకం మూసినట్లు ఫోను మూశాను.

ముందు చట్టం సంగతి చెప్పాను. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు మించని గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. ఈ రెండు గీతల్లో ఏది దాటినా లైసెన్సు కావలసిందే. విదేశపు సరుకయితే దిగుమతి కాగితాలూ సక్రమంగా ఉండాలి. జౌల్ అంటే ఎంత? నూరు గ్రాముల జామకాయను మీటరు ఎత్తు లేపడానికి పట్టే శక్తి. ఇరవై జౌళ్ళంటే రెండు కిలోల కాయల బుట్ట. ఆ బలమంతా కందిగింజంత సీసపు ముక్క మీద కూర్చుంటే అది ఆటవస్తువు కాదు. ఇక చిలకలంటావా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతున్నది. తుపాకి ఏదైనా సరే, వాటిని కొట్టడం నేరమే.

చట్టం చెప్పినంత తేలికగా తరువాతి మాట చెప్పలేకపోయాను. అది వాళ్ళమ్మకు తెలుసు. వాడికి తెలియదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఇదే ఊళ్ళో, ఎవరిదో ఛర్రా తుపాకి అడిగి తెచ్చుకొని, కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టను గురిచూసి కొట్టాను. తగులుతుందనుకోలేదు. తగిలింది. దగ్గరకు పోయి చూస్తే పాలపిట్ట. రెక్క విప్పితే ఆ నీలం ఇంకా మెరుస్తూనే ఉన్నది. దసరా నాలుగు రోజులున్నది. మా నాన్నగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పండుగనాడు సాయంత్రం జమ్మికి పోతూ, అందరితోపాటు నన్నూ పాలపిట్టను చూడడానికి తీసుకొని పోయారు. చీకటి పడేదాకా చెరువుగట్టు మీద నిలబడ్డాము. ఒక్కటీ కనబడలేదు. “పోదాం పద” అన్నారు. అంతే. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకొని నడిచింది. అప్పటినుంచి నేను తుపాకి ముట్టుకోలేదు. మావాడు షరతు అనుకొన్నది అసలు షరతు కాదు. ఆ సాయంత్రాన్ని మా చెల్లెలు మరచిపోలేదు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే తుపాకే వద్దంటావా?” అన్నాడు.

వద్దనలేదు. గురి చూడడం పాపం కాదు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకం తెచ్చినది ఈ పది మీటర్ల గాలితుపాకితోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు! ఊపిరి బిగబట్టి, గుండె దడ తగ్గించుకొని అంత చిన్న చుక్కను వెతకడం ఒక తపస్సు. అక్కడ దుర్భిణి పెట్టనీయరు. వాడేవి పొడుగు తుపాకులు. కనుక పోటీలకు పోదలచినవాడు బుల్‌పప్ మాట మరచిపోవలెను. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలో షూటింగ్ రేంజి ఉన్నది. అటువంటి చోట గురువు దగ్గర నేర్చుకొని, ఆ తరువాతనే తుపాకి కొనడం మేలు. మావాడికి పోటీల ఆశ లేదు. వారానికొక గంట పెరట్లో కాగితం మీద కాల్చుకుంటే చాలు. అటువంటివాడికి బుల్‌పప్ పనికివస్తుంది.

“4.5 లోనే రెండు రకాలు చూడు. బొమ్మలు కాదు, చేత పట్టుకొని చూడు” అని పంపించాను.

మరుసటి ఆదివారం నవ్వుకుంటూ వచ్చాడు. ఏడాదిగా కలలు కన్న తుపాకిని భుజానికెత్తుకోగానే దాని సంగతి బయటపడిందట. మావాడిది పుర్రచేతి వాటం. ఆ తుపాకి బిగించే పిడి కుడిపక్క, చెంప ఆనేచోటుకు దగ్గరగా ఉన్నది. ఎడమ భుజానికి ఎత్తితే పిడి ముక్కుకు తగులుతున్నది! మామూలు తుపాకిలో యంత్రాంగం ముఖానికి ముందు ఉంటుంది గనుక ఈ బాధ అంతగా తెలియదు. బుల్‌పప్‌లో అంతా చెంప కిందనే. రెండవదానిలో పిడిని ఎడమవైపుకు మార్చుకోవచ్చు, చెంప పలకను ఎత్తు తగ్గించుకోవచ్చు. చూడడానికి మొదటిదంత అందం కాదు. ధర కొంత తక్కువ.

మిగిలిన డబ్బుతో రెండు పనులు చేశాము. రాతిగోడకు నేరుగా కాల్చితే ఛర్రా ఎగిరివచ్చి కంటికి తగలవచ్చు. అందుకని వెనుక ఇనుపరేకు, ముందు పాతగుడ్డలు దట్టించిన ఒక చెక్కపెట్టె చేయించి, గోడ ముందు నిలబెట్టాము. కళ్ళకు అద్దాలు తెప్పించాము. రెండవ పని, జామచెట్లకు వల. పై కొమ్మ ఒకటి మాత్రం వల బయట వదలివేయమన్నాడు మావాడు. ఎందుకని నేను అడగలేదు.

కొత్త తుపాకి వచ్చిన రోజున మా చెల్లెలు కూడా వచ్చింది. దాన్ని ముట్టుకోకుండానే అటూ ఇటూ చూసి, “ఇంత పొట్టిది, ఎంత దూరం కొడుతుందిరా?” అని అడిగింది.

“పది మీటర్లమ్మా” అన్నాడు వాడు. “ఆ తరువాత పెట్టె ఉన్నది.”

మా చెల్లెలు నా వైపు చూసి, సంచీలోంచి డబ్బు తీసింది.