ప్రీప్రింట్ : పండితలోకంలో దాని స్థానం

ధనం పంచితే తరుగుతుందనీ, విద్య పంచితే పెరుగుతుందనీ పెద్దల మాట. అయితే ఆ పంపకం ఏ దారిన జరుగుతున్నది, ఎంత కాలానికి మన వంటి చిన్న కళాశాలల గడప చేరుతున్నది అనే విషయాన్ని మనం అంతగా ఆలోచించము. ఈ వ్యాసంలో మేము ఆ దారులలో ఒకదానిని గురించి మా విద్యార్థులకు తెలియజెప్పదలచినాము. దాని పేరు ప్రీప్రింట్. తెలుగులో ముద్రణపూర్వ ప్రతి అనవచ్చును.

మొదట పరిశోధన పత్రికల పద్ధతిని చూద్దాం. 1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండన్‌లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అనే పత్రికను ప్రారంభించినాడు. శాస్త్రవేత్తలు ఒకరికొకరు వ్రాసుకొనే లేఖల స్థానంలో పత్రిక ప్రవేశించడానికి అది నాంది. నేడు ఒక పండితుడు తన వ్యాసాన్ని పత్రికకు పంపితే, సంపాదకుడు దానిని ఆ రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. వారు లోపాలను చూపుతారు. రచయిత సవరించి మళ్ళీ పంపుతాడు. అంతా సవ్యమని తేలిన పిమ్మటనే ముద్రణ. ఈ పరిశీలన ఎంతో మేలైనది. కాని దీనికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. మేము ఎం.ఏ. ముగించిన కొత్తలో ఒక పత్రికకు పంపిన వ్యాసానికి రెండేళ్ళ వరకు అవుననిగాని కాదనిగాని జవాబు రాలేదు. ఈలోగా అదే అంశం మీద మరొకరి వ్యాసం వెలువడింది. మేము ముందే వ్రాసినామని చెప్పుకొనేందుకు మా వద్ద బల్లసొరుగులోని కార్బన్ ప్రతి తప్ప మరే ఆధారమూ లేదు.

నిపుణుల పరిశీలన పూర్తికాక ముందే రచయిత తన వ్యాసాన్ని తేదీతో సహా పదిమంది ముందు ఉంచితే అదే ప్రీప్రింట్. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ఒక పోలికతో చెప్పవచ్చును. కవి తన గజల్‌ను ముషాయిరాలో ముందు వినిపిస్తాడు. అది దీవాన్‌లో చేరడం తరువాతి సంగతి. సభలో రసజ్ఞులు 'వాహ్వా' అంటారు, ఛందస్సు తప్పితే ఎత్తిచూపుతారు. అయితే సభలో వినిపించినంత మాత్రాన ఆ గజల్ నిర్దుష్టమని ఎవరూ అనరు.

పేరు కొత్తదైనా పని పాతదే. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా ఉన్న ముప్పయ్యేళ్ళ సత్యేంద్రనాథ బోసు, తన వ్యాసపు ప్రతిని నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపినాడు. ఐన్‌స్టీన్ దానిని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి అక్కడి పత్రికలో ప్రకటింపజేసినాడు. ఆ ప్రతి ఆనాడు తపాలా పెట్టెలో పడకుంటే 'బోస్-ఐన్‌స్టీన్ గణాంకం' అనే పేరు శాస్త్రంలో ఉండేదో లేదో!

ఈ పనిని ఒక వ్యవస్థగా నడపాలని 1961లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ప్రయత్నించింది. జీవశాస్త్రజ్ఞుల వ్యాసాలకు నకళ్ళు తీసి బృంద సభ్యులకు తపాలాలో పంపేవారు. ముందే చేతులు మారిన వ్యాసాలను తాము ప్రకటించబోమని పత్రికలు భీష్మించడంతో అది 1967లో ఆగిపోయింది. భౌతికశాస్త్రంలో మాత్రం ఈ అలవాటు నిలిచింది. కాని ఆ తపాలా పెద్ద పెద్ద సంస్థలకే చేరేది. దూరపు కళాశాలలో ఉన్నవాడు, ఎంత ప్రతిభ కలవాడైనా, అచ్చుపత్రిక ఓడలో వచ్చేదాకా ఎదురుచూడవలసినదే. ఈ అసమానతను తొలగించినవాడు పాల్ గిన్స్‌పార్గ్. ఆయన 1991 ఆగస్టులో లాస్ అలమోస్‌లో కంప్యూటరు ద్వారా వ్యాసాలు పంచే భాండాగారాన్ని నెలకొల్పినాడు. అదే నేటి 'ఆర్కైవ్'. 2001లో అది కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. 2022 ఆరంభానికి అందులోని వ్యాసాలు 20 లక్షలకు చేరినవి. చదవడానికి రుసుము లేదు.

ఒక ప్రీప్రింట్ ఎంతటి మేలు చేయగలదో చూపడానికి మన దేశపు ఉదాహరణే చాలును. ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని సందేహానికి తావులేకుండా, త్వరితంగా తేల్చే పద్ధతి ఉన్నదా అనేది గణితంలో చిరకాలపు ప్రశ్న. 2002 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఉన్నదని నిరూపించి, తమ వ్యాసాన్ని అందరికీ అందుబాటులో ఉంచినారు. కొద్ది రోజులలోనే ప్రపంచంలోని నిపుణులు దానిని పరిశీలించి సరియైనదన్నారు. నిరూపణను సులభతరం చేసే సూచనలు కూడా పంపినారు. ఆ వ్యాసం 'ఆనల్స్ ఆఫ్ మాథమెటిక్స్'లో అచ్చయినది 2004లో. ఆ శిష్యులిద్దరూ 2002లోనే బి.టెక్. పట్టా పుచ్చుకొన్నవారు!

అయితే నాణేనికి రెండవ వైపు కూడా కలదు. 2020లో కరోనా కాలం దానిని చూపింది. ఆ ఏడు జనవరి 31న మన దేశపు పరిశోధకులు కొందరు, కొత్త వైరస్‌లో ఎయిడ్స్ వైరస్‌ను పోలిన భాగాలున్నవని ఒక ప్రీప్రింట్ వెలువరించినారు. అటువంటి చిన్న పోలికలు అనేక జీవులలో కనిపించేవేనని ఇతర శాస్త్రజ్ఞులు వెంటనే ఎత్తిచూపగా, రచయితలు ఫిబ్రవరి 2న దానిని ఉపసంహరించుకొన్నారు. తప్పు రెండు రోజులలో దిద్దబడింది. కాని వైరస్‌ను ఎవరో తయారుచేసినారన్న పుకారుకు అప్పటికే రెక్కలు వచ్చినవి. ఆ మాటను మా విద్యార్థులే మాకు సెల్‌ఫోనులో చూపినారు. వ్యాసం ఉపసంహరింపబడిన సంగతి మాత్రం వారిలో ఒక్కరికీ తెలియదు.

అదే ఏడాది జూన్ 22న మరొక ప్రీప్రింట్ వచ్చింది. డెక్సామెథసోన్ అనే చవుక మందు, కృత్రిమ శ్వాసపై ఉన్న కరోనా రోగులలో మరణాలను సుమారు మూడవవంతు తగ్గిస్తున్నదని బ్రిటన్‌లోని వైద్యులు వేలాది రోగులపై పరీక్షించి తెల్పినారు. పరిశీలన ముగిసి పత్రికలో వెలువడినది జూలై 17న. ఆ మధ్య రోజులలో వైద్యునికి ఆ వివరాలు అందడం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక ప్రీప్రింట్ తూర్పారబట్టని ధాన్యం వంటిది. గింజ కలదు, తాలు కలదు. చేట పాఠకుని చేతికి వచ్చింది. చదివేవారు కొన్ని ప్రశ్నలు వేసుకోవలెను. ఇది ఏ తేదీది? దీనికి సవరించిన ప్రతి వచ్చిందా? ఉపసంహరించుకొన్నారా? తరువాత ఏ పత్రికలోనైనా అచ్చయిందా? చెప్పిన మాటకు చూపిన ఆధారం సరిపోతున్నదా? ఆ రంగంలోని ఇతరులేమన్నారు? ఈ ప్రశ్నలకు జవాబు దొరకక ముందు దానిని పదిమందికి పంచడం విద్యావంతుని లక్షణం కాదు.

విదేశీ పత్రికల చందా మన కళాశాల శక్తికి మించినదని కార్యవర్గ సభ్యులు ఎరుగుదురు. అందుకు వారిని నిందింపబోము. మా విన్నపం ఒక్కటే: గ్రంథాలయంలో విద్యార్థుల కొరకు ఒక కంప్యూటరును, వారానికి ఒక గంటను కేటాయించవలెను. అక్కడ కూర్చుండి ఒక వ్యాసాన్ని ఎట్లా చదవాలో, ఎట్లా శంకించాలో నేర్పే బాధ్యత అధ్యాపకులమైన మాది. ఢాకా నుండి బోసు లేఖ వ్రాసిననాడు ఆయనకు ఉన్నది ఒక తపాలా బిళ్ళ మాత్రమే. నేటి మన విద్యార్థికి ప్రపంచపు వ్యాసభాండాగారమే తెరచి ఉన్నది. అందులోని గింజనూ తాలునూ వేరుచేయగల విచక్షణను అతనికి అలవరచడమే ఇక మిగిలిన పని.