గుల్లల మాంసాన్ని ఎందుకు పరీక్షిస్తారు?

"గుల్లలు బాగా ఉడకబెట్టాం కదండీ, ఇంకేం భయం?" అని సముద్రతీర గ్రామాల తల్లులు అడుగుతుంటారు. విరేచనాలు కలిగించే సూక్ష్మక్రిములు చాలావరకు ఉడికితే చస్తాయి, నిజమే. కాని పాదరసం, సీసం, కాడ్మియం క్రిములు కావు. ఎంత మరిగించినా అవి నశించవు. కొంత పులుసులోకి దిగినా, ఆ పులుసునే మనం అన్నంలో కలుపుకొంటాం!

ఇది ఎంత ప్రమాదమో జపాన్‌లోని మినమాత పట్టణం చూపింది. 1956 ఏప్రిల్‌లో అయిదేళ్ల పాపను నడక, మాట తడబడుతుండగా అక్కడి కర్మాగారపు ఆసుపత్రికి తెచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె చెల్లెలికీ అవే లక్షణాలు. ఆసుపత్రి పెద్ద డాక్టర్ హోసోకావా మే 1న ఆరోగ్యాధికారులకు తెలియజేశారు. చేపలు, గుల్లలలోని పాదరసమే కారణమని కుమమోతో విశ్వవిద్యాలయం వారు 1959లో తేల్చారు. అది ఆ చిస్సో కర్మాగారపు మురుగునీటితో వచ్చింది. అయినా 1968 వరకు ఆ నీరు ఆగలేదు. కొందరు తల్లులు పైకి ఆరోగ్యంగానే కనిపించినా, వారికి పుట్టిన బిడ్డల మెదడు దెబ్బతిని ఉండేది.

మరి నీటినే పరీక్షించవచ్చు కదా? నీటిలో విషం బహు స్వల్పంగా ఉంటుంది, పోటుకు ఆటుకు మారిపోతుంది. చేప ఈదుకొంటూ పోతుంది. గుల్ల మాత్రం ఉన్నచోటనే ఉండి రోజంతా నీటిని వడకట్టుకొంటూ, విషాన్ని నెలల తరబడి ఒంట్లో కూడబెడుతుంది. అందుకే 1975లో గోల్డ్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆలిచిప్పలనే సముద్రానికి కాపలా పెట్టమన్నారు. 1986 నుండి అమెరికా తీరమంతటా ఆ పరీక్షలు మొదలయ్యాయి.

పరీక్షకు ఒకే పరిమాణం గల గుల్లలను ఒకేచోట ఏరుతారు. పెద్దవీ చిన్నవీ కలిపితే లెక్క తప్పుతుంది. కడుపులోని బురద పోయేలా శుభ్రమైన సముద్రపు నీటిలో ఉంచి, మాంసం తీసి, మెత్తగా నూరి, నత్రికామ్లంలో కరిగిస్తారు. ఆ ద్రవంలో ఏ లోహం ఎంతుందో యంత్రం కొలుస్తుంది. ముందే లెక్క తెలిసిన నమూనాను కూడా పక్కనే పరీక్షిస్తారు. యంత్రం దానిని సరిగా చెప్పకపోతే మిగతా అంకెలను నమ్మరు. పురుగుమందులు, నూనెలకైతే వేరే పద్ధతి.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం ఆలిచిప్పలు, గుల్లలలో కాడ్మియం కిలోకు 2 మిల్లీగ్రాములు మించరాదు. కాకినాడ బుడిత గుల్లలైనా, మరెక్కడివైనా, రంగు, వాసన, రుచి చూసి ఈ సంగతి పోల్చుకోలేము. కర్మాగారపు కాలువలు, ఓడరేవుల దగ్గర ఏరినవాటిని గర్భిణులకు, పసిపిల్లలకు పెట్టవద్దు. కొనేటప్పుడు ఎక్కడ ఏరారో అడగండి. అమ్మే ఆమె ఏమీ అనుకోదు.